తొమ్మిదో తరగతి ఇంగ్లీషు, ఎవరెస్టు ఉత్తరపు దారి

ఇంగ్లీషు వాచకంలో సాహసగాథ లేని తరగతి దాదాపు ఉండదు. ఎవరో ఒకరు కొండ ఎక్కుతారు, సముద్రం ఈదుతారు, కాలు పోయినా పరుగు తీస్తారు. పాఠం అయ్యాక దీని నుంచి ఏం నేర్చుకున్నారని అడిగితే తరగతంతా ఒకే జవాబు చెబుతుంది: హార్డ్ వర్క్, డిటర్మినేషన్, నెవర్ గివ్ అప్. గైడులో ఉన్నదీ అదే, పరీక్షలో రాసేదీ అదే. కొండ ఏ వైపు నుంచి ఎక్కారు, దారిలో ఎన్ని శిబిరాలు, ఎన్నిసార్లు వెనక్కి దిగి మళ్లీ ఎక్కారు, ఏం తిన్నారు అని అడిగి చూడండి. ఒక్కరూ చెప్పలేరు. తప్పు పిల్లలది కాదు. చాలా పాఠాల్లో ఆ వివరాలు ఉండవు. ఉన్నా వాటి మీద ప్రశ్న రాదు కాబట్టి ఎవరూ ఆగి చదవరు.

ఇలాంటి ఘనకార్యాలను స్ఫూర్తి కోసం చదివిస్తే ఒరిగేది చాలా తక్కువని నా నమ్మకం. వాటిని పద్ధతి కోసం చదివించాలి. తారీకులు, ఎత్తులు, బరువులు, తిండి, వెనకడుగులు, వీటన్నిటితో చదివితే నిత్యం పనికొచ్చే ఇంగ్లీషు ఆ వివరాల్లోనే దొరుకుతుంది. అంతకంటే ముఖ్యంగా, జూన్ నుంచి ఏప్రిల్ దాకా సాగే ఇంగ్లీషు ఏడాదిని ఎలా నడపాలో కూడా అవే చూపిస్తాయి.

మనకు బాగా దగ్గరి ఉదాహరణ మలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా సిరికొండ మండలం పాకాల ఆమె ఊరు. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో తొమ్మిదో తరగతి చదువుతూ, పద్నాలుగేళ్లు నిండకముందే, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం జిల్లాకు చెందిన గురుకుల విద్యార్థి సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా అదే యాత్రలో శిఖరం చేరాడు. జనానికి గుర్తున్నది శిఖరం మీది ఫొటో. దాని వెనక ఉన్న క్రమం మాత్రం తరగతి గదుల్లో వినపడదు. ముందు భువనగిరి గుట్ట మీద తాళ్లతో రాతి ఎక్కుడు. వందమందికి పైగా పిల్లల్లోంచి వడపోత. తర్వాత డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో మంచు మీద నడక, గొడ్డలి వాడకం, తాడు ముడులు. ఆ తర్వాత నడిచలికాలంలో లద్దాఖ్. ఇవన్నీ దాటాకే ఎవరెస్టు.

ఆ యాత్ర కూడా ఒక్క ఊపున సాగలేదు. పదహారేళ్లు నిండనివారికి నేపాల్ అనుమతి ఇవ్వదు కాబట్టి టిబెట్ వైపు నుంచి, అంటే ఉత్తరపు దారిన వెళ్లారు. ఆ దారిలో బేస్ క్యాంప్ సుమారు 5,200 మీటర్ల ఎత్తున ఉంటుంది. అడ్వాన్స్‌డ్ బేస్ క్యాంప్ 6,400, నార్త్ కోల్ అనే కనుమ దాదాపు 7,000, ఆపైన 7,700, 8,300 దగ్గర చివరి శిబిరాలు. శిఖరం 8,848. మొత్తం యాత్రకు 52 రోజులు పట్టింది. అన్ని రోజులు ఎందుకంటే శరీరానికి సమయం కావాలి. శిఖరం దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే మూడో వంతే. తక్కువ ఆక్సిజన్‌తో బతకడానికి ఒళ్లు మెల్లగా అలవాటు పడుతుంది. అందుకే పై శిబిరం దాకా ఎక్కి, సామాను దించి, కిందికొచ్చి పడుకుంటారు. రెండు మూడు రోజులకు మళ్లీ ఎక్కుతారు. పర్వత వైద్యులు చెప్పే నియమం కూడా ఇదే: 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి ఎత్తు పెంచకుండా ఒక రోజు ఆగాలి. దీన్ని మీరితే ఎంత బలవంతుడికైనా మెదడులోనో ఊపిరితిత్తుల్లోనో నీరు చేరే ప్రమాదం ఉంది. పట్టుదల ఎక్కువున్నవాళ్లు తలనొప్పిని లెక్కచేయకుండా పైకి పోతారు కాబట్టి వాళ్లకే ముప్పు ఎక్కువ.

పై రెండు పేరాల్లో ఉన్నదాన్ని తొమ్మిదో తరగతి పిల్లల చేత ఇంగ్లీషులో చెప్పించండి. ఏం కావాలి? జరిగిపోయిన పనులు చెప్పే క్రియారూపాలు కావాలి. ముందు, తర్వాత, అప్పటిదాకా, అందుకని లాంటి కలుపు మాటలు కావాలి. అంకెలు, ఎత్తులు, రోజులు గట్టిగా పలకడం రావాలి. ‘హ్యాడ్ టు’ తప్పనిసరి. ‘వర్ నాట్ అలౌడ్ టు’ తప్పనిసరి. అదే పిల్లల్ని పూర్ణ గొప్పదనం గురించి రాయమంటే బ్రేవ్, గ్రేట్, ఇన్‌స్పైరింగ్ అనే మూడు విశేషణాలు పది వాక్యాల్లో తిరుగుతాయి. విశేషణాలతో నిండిన వ్యాసంలో తప్పులు దొర్లే అవకాశం తక్కువ, అందుకే అందులో నేర్చుకునేదీ తక్కువ. క్రియలతో నిండిన వ్యాసం తప్పులతడకగా వస్తుంది. టీచరు దిద్దడానికి అసలైన సరుకు అక్కడ దొరుకుతుంది.

ఇక ఏడాది సంగతి. రెండు రాష్ట్రాల్లోనూ బడులు జూన్ రెండో వారంలో తెరిచి ఏప్రిల్ నాలుగో వారంలో మూస్తారు. మధ్యలో దసరా, సంక్రాంతి సెలవులు, నాలుగు ఫార్మేటివ్‌లు అనే చిన్న పరీక్షలు, రెండు సమ్మేటివ్‌లు అనే పెద్ద పరీక్షలు. ఎంత తీసేసినా రెండు వందల చిల్లర పనిదినాలు మిగులుతాయి. అది చిన్న సమయం కాదు. దాన్ని మనం పాఠాల సంఖ్యతో భాగించి, ఈ పాఠానికి పన్నెండు పీరియడ్లు, ఆ పద్యానికి ఆరు అని వేసుకుంటాం. పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో ఆ లెక్కలో ఎక్కడా ఉండదు. జూన్‌లో తొమ్మిదో తరగతి వాచకం చేతికిస్తాం. ఆరో తరగతి వాచకం కూడా సాఫీగా చదవలేని పిల్లవాడికి అది నేరుగా 7,000 మీటర్ల దగ్గర గుడారం వేసినట్టే.

అందుకని మొదటి వారంలో కొలత తీసుకోవాలి. వంద నుంచి నూట యాభై మాటలున్న, వాళ్లు ఎన్నడూ చూడని మామూలు పేరా ఒకటి తీసుకోండి. ఒక్కొక్కరిని పక్కకు పిలిచి ఒక నిమిషం పైకి చదివించి, ఎన్ని మాటలు తప్పుల్లేకుండా చదివారో రాసుకోండి. నలభై మందికి రెండు పీరియడ్లు చాలు. మిగతావాళ్లకు ఆ సమయంలో రాతపని ఇవ్వాలి. నిమిషానికి యాభై అరవై మాటల లోపు చదివే పిల్లవాడికి వాక్యం చివరికి చేరేసరికి మొదలు గుర్తుండదు. అర్థం కాకపోవడానికి కారణం తెలివి తక్కువై కాదు, వేగం చాలక. అతనికి వ్యాకరణం చెప్పినా, అనువాదం చెప్పినా ఆ లోటు తీరదు. రోజూ తేలికైనది చదివితేనే తీరుతుంది.

తేలికైనది అంటే ఎంత? చదువు మీద పరిశోధన చేసినవాళ్లు చెప్పే కొలత ఒకటుంది. ఎవరి సాయమూ లేకుండా చదివి అర్థం చేసుకోవాలంటే నూటికి తొంభై ఐదు నుంచి తొంభై ఎనిమిది మాటలు ముందే తెలిసి ఉండాలి. కాబట్టి వంద మాటల పేరాలో తెలియనివి ఐదు దాటితే ఆ పుస్తకం ఒంటరిగా చదివేందుకు పనికిరాదు, ఒక మెట్టు దిగాలి. రెండు వారాలు ఆ మెట్టు మీదే ఉండి, అప్పుడు పైది అందుకోవాలి. ఆరు, ఏడు తరగతుల పాత వాచకాలు ప్రతి బడి స్టోరు గదిలోనూ ఉంటాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో కథలు చదివే స్థాయిల వారీగా విడదీసి, ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఉచితంగా ఉన్నాయి. తొమ్మిదో తరగతివాడికి చిన్నపిల్లల కథ ఇస్తే చిన్నతనంగా అనుకుంటాడు, అది నిజమైన ఇబ్బందే. సాహసయాత్రలు ఇక్కడ మంచి దారి చూపిస్తాయి. వాక్యాలు చిన్నవి చేసి టీచరే సొంతంగా రాసిన ఇరవై వాక్యాల ఎవరెస్టు కథ చదవడానికి ఏ పదిహేనేళ్ల కుర్రాడూ నామోషీ పడడు. భాష సులువు, విషయం పెద్దది. ఈ కలయిక వాచకాల్లో అరుదు.

ఒకవైపు తెలుగు, ఎదురుపేజీలో ఇంగ్లీషు ఉన్న సైన్సు, సోషల్ పుస్తకాలు ఇప్పుడు పిల్లల చేతుల్లో ఉన్నాయి. ఇంగ్లీషు టీచర్లు వాటిని తమవి కావని వదిలేస్తారు. నా లెక్కలో బడిలో ఉన్న అత్యుత్తమ ఇంగ్లీషు పఠన సామగ్రి అదే. వాడే తీరు మాత్రం జాగ్రత్త. రెండు పేజీలూ తెరిచి ఉంచితే కన్ను తెలుగు వైపే జారుతుంది, ఇంగ్లీషు చదివినట్టు అనిపిస్తుంది గానీ చదవడం జరగదు. తెలుగు పేజీ మీద కాగితం కప్పి, ఇంగ్లీషు పేరా రెండుసార్లు చదివి, అర్థమైంది తెలుగులో ఒక ముక్క చెప్పాక కాగితం తీసి సరిచూసుకోవాలి.

రోజువారీ పని చాలా చిన్నది. పీరియడ్ మొదట్లో పది నిమిషాలు మౌనంగా చదవడం. రెండు వందల రోజులకు రెండు వేల నిమిషాలు. నిమిషానికి ఎనభై మాటల చొప్పున వేసుకున్నా ఒక లక్షా అరవై వేల మాటలు. ఏ వాచకమూ అంత పొడవుండదు. ఆ తర్వాత ఐదైదు నిమిషాలు జంటలుగా ఒకరు చదవడం, ఇంకొకరు వినడం. వరుసగా ఒక్కొక్కరు లేచి చదివే పద్ధతిలో నలభై మంది తరగతిలో ఒక్కొక్కరికి దక్కేది నిమిషం. మిగతా నలభై నాలుగు నిమిషాలు తమ వంతు ఎప్పుడొస్తుందో లెక్కపెట్టుకుంటారు. జంటల్లో చదివిస్తే తరగతి గోలగా ఉంటుంది, హెడ్‌మాస్టరుగారు వచ్చి చూసి పోతారు, అయినా ప్రతి పిల్లవాడి నోట్లోంచి ఐదు నిమిషాల ఇంగ్లీషు వస్తుంది.

కొత్త మాటలు రోజుకు ఐదు చాలు. ఇరవై మాటల ఇంపోజిషన్ పదిసార్లు రాయిస్తే చెయ్యి నొప్పి పుడుతుంది, మాట మిగలదు. ఒకే రోజు పదిసార్లు చూసిన మాట కంటే పది వారాల్లో ఐదుసార్లు ఎదురైన మాట నిలుస్తుంది. పాత నోట్సు అట్టలు ముక్కలు చేసి, ఒకవైపు ఆ మాట ఖాళీగా వదిలిన వాక్యం, రెండోవైపు మాట రాసుకోవాలి. మర్నాడు ఒకసారి, మూడో రోజు, వారానికి, మూడు వారాలకు, రెండు నెలలకు చూడాలి. తప్పిన మాటను మళ్లీ మొదటి నుంచి ఇదే వరుసలో చూడాలి. ఈ పని ఆగస్టు నాటికి విసుగు పుట్టిస్తుంది. విసుగు పుట్టినప్పుడు రోజుకు ఐదును మూడు చేయాలే గానీ ఆపకూడదు. సుదూర పరుగు శిక్షణలో కూడా ఎక్కువ దూరం హాయిగా మాట్లాడుకుంటూ పరిగెత్తగల వేగంతోనే నడుస్తుంది. ఊపిరాడని పరుగు వారంలో కొంచెమే. మన తరగతుల్లో ఇది తిరగబడి ఉంది. ప్రతిరోజూ తమ శక్తికి మించిన పాఠమే చదువుతారు, హాయిగా చదివే రోజు ఏడాదిలో ఒక్కటీ ఉండదు.

దసరా సెలవుల తర్వాత, పునాది కుదిరాక, పెద్ద కథ ఒకటి ఎత్తుకోవాలి. నన్నడిగితే బ్రిటిష్ అన్వేషకుడు ఎర్నెస్ట్ షాకిల్టన్ నడిపిన అంటార్కిటిక్ యాత్రే. రెండు నెలల పాటు ముక్కముక్కగా చదివించడానికి సరిపడా సరుకు అందులో ఉంది. ‘ఎండ్యూరెన్స్’ ఓడ 1914 డిసెంబరు 5న దక్షిణ జార్జియా దీవి నుంచి బయల్దేరింది. 1915 జనవరిలో వెడ్డెల్ సముద్రపు మంచులో ఇరుక్కుంది. అక్టోబరు 27న ఓడను వదిలేశారు, నవంబరు 21న అది మునిగింది. 28 మంది మంచు పలక మీద గుడారాలు వేసుకుని బతికారు. సీల్ మాంసం, పెంగ్విన్ మాంసం తిన్నారు, సీల్ కొవ్వే పొయ్యికి ఇంధనం. 1916 ఏప్రిల్ 15న మూడు పడవల్లో ఎలిఫెంట్ దీవి చేరారు. అక్కడికి ఏ ఓడా రాదు. అందుకని ఏప్రిల్ 24న ఆరుగురు, ఏడు మీటర్ల పొడవు కూడా లేని ‘జేమ్స్ కేయర్డ్’ అనే పడవలో, దాదాపు 800 సముద్ర మైళ్ల అవతల ఉన్న దక్షిణ జార్జియాకు బయల్దేరారు.

ఈ పడవ ప్రయాణం దగ్గర తరగతి కనీసం మూడు వారాలు ఆగాలి. వడ్రంగి హ్యారీ మెక్‌నిష్ పడవ అంచులు పెంచి, స్లెడ్జి చెక్కలు, పెట్టెల మూతలు, కాన్వాసు గుడ్డతో పైకప్పు కట్టాడు. సందుల్లో దీపం ఒత్తులు కూరి, చిత్రకారుడి రంగులు, సీల్ రక్తం పూశారు. నాలుగు వారాలకే తిండి పెట్టుకున్నారు, ఎందుకంటే అప్పటికి చేరకపోతే ఇక చేరరని తెలుసు. ముగ్గురు మెలకువగా పడవ నడిపితే ముగ్గురు తడిసిన స్లీపింగ్ బ్యాగుల్లో పడుకునేవారు. వేళ తప్పకుండా అందరికీ వేడివేడిగా ఏదో ఒకటి అందేది. ఓడ కెప్టెన్ ఫ్రాంక్ వర్స్‌లీ సూర్యుణ్ణి చూసి పడవ ఎక్కడుందో లెక్కకట్టాలి. మబ్బుల వల్ల ప్రయాణం మొత్తంలో నాలుగుసార్లే వీలైంది. మే 10న ఒడ్డు తగిలింది, కానీ దీవికి తప్పు వైపు. తిమింగల వేటగాళ్ల స్థావరం ఆవలి ఒడ్డున ఉంది. బూట్ల అడుగున పడవ మేకులు బిగించుకుని షాకిల్టన్, వర్స్‌లీ, టామ్ క్రీన్ పటం లేని కొండలను 36 గంటల్లో దాటి మే 20న స్ట్రామ్‌నెస్ చేరారు. ఎలిఫెంట్ దీవిలో మిగిలిన 22 మందిని చిలీ దేశపు చిన్న ఓడ ‘యెల్చో’ 1916 ఆగస్టు 30న తీసుకొచ్చింది. ఆ 28 మందిలో ఒక్కరూ చనిపోలేదు. అదే యాత్రలో భాగంగా ఖండం అవతలి వైపున రాస్ సముద్రం దగ్గర పనిచేసిన బృందంలో ముగ్గురు చనిపోయారు. ఈ సంగతి కూడా పిల్లలకు చెప్పాలి. అందరూ బతికారని చెప్పి ముగించేస్తే అది అబద్ధమవుతుంది.

రాతపనికి దీన్ని ఇలా వాడాలి. ఒక్కో విద్యార్థికి ఒక పాత్ర: వడ్రంగి, వంటవాడు, వైద్యుడు, ఫొటోగ్రాఫరు, దొంగచాటుగా ఓడెక్కి తర్వాత మంచుకు కాలివేళ్లు పోగొట్టుకున్న కుర్రాడు పెర్స్ బ్లాక్‌బరో. రోజుకు ఐదే వాక్యాల డైరీ. తారీకు, చోటు. వాతావరణం. తిన్నది. చేసిన పని. వచ్చిన చిక్కు. భావాలు మొదటి రెండు వారాలు వద్దు. ‘ఐ వాజ్ వెరీ శాడ్’ అని రాయడం ఎవరికైనా వచ్చు. మూడో వారం నుంచి ఒక వాక్యం మనసు గురించి రాయనివ్వండి, అప్పటికి ఆ మనిషి వాళ్లకు తెలిసి ఉంటాడు. పదో తరగతి పరీక్షలో డైరీ ఎంట్రీ, జీవితచిత్రణ, ఉత్తరం ఎలాగూ అడుగుతారు. నలభై రోజుల డైరీ రాసినవాడికి ఆ ప్రశ్న కొత్తగా కనిపించదు.

తెలుగు పిల్లలు ఎక్కడ తడబడతారో ఈ డైరీలో తేటగా బయటపడుతుంది. ‘వియ్ ఆర్ హియర్ ఫ్రమ్ టెన్ డేస్’ అని రాస్తారు, పది రోజుల నుంచి అనే అలవాటు వల్ల. ‘డిడ్ నాట్ వెంట్’ అంటారు. ‘షిప్ సాంక్’ అని రాసి దాని ముందు ‘ది’ మర్చిపోతారు, తెలుగులో ఆ పని చేసే మాటే లేదు. అన్నిటికంటే కష్టమైనది మంచులో ఇరుక్కున్న ఓడ లాంటి పదబంధం. మనకు వర్ణన ముందొస్తుంది, ఓడ తర్వాత వస్తుంది. ఇంగ్లీషులో ‘ది షిప్ దట్ వాజ్ ట్రాప్డ్ ఇన్ ది ఐస్’ అని తలకిందులవుతుంది. వాచకంలో దీన్ని రిలేటివ్ క్లాజ్ అనే పేరుతో ఒక అభ్యాసంలో ముగిస్తారు. అది సరిపోదు. డైరీలోంచి తెలుగు పదబంధాలు పదేసి తీసి, వారానికొకసారి ఇంగ్లీషులోకి తిప్పించాలి: వడ్రంగి కట్టిన పైకప్పు, మేము తిన్న మాంసం, అతను దాచుకున్న బాంజో. రెండు నెలలకు చెయ్యి తిరుగుతుంది.

దిద్దేటప్పుడు ఒక్కో వారం ఒకే రకం తప్పు దిద్దండి. ఎర్రసిరాతో పేజీ నిండిపోతే పిల్లవాడు మార్కు చూసి పుస్తకం మూసేస్తాడు. ఈ వారం క్రియారూపాలు మాత్రమే, వచ్చే వారం ‘ఎ, ది’ మాత్రమే. నలభై డైరీలు రోజూ దిద్దడం ఎవరివల్లా కాదు. రోజుకు ఎనిమిది చొప్పున తిప్పుకుంటే వారానికి ఒకసారి ప్రతి ఒక్కరి పుస్తకం టీచరు చేతికొస్తుంది.

కత్తిరించడం నేర్పడానికి కూడా ఈ కథలోనే మంచి సంఘటన ఉంది. ఫొటోగ్రాఫర్ ఫ్రాంక్ హర్లీ మునుగుతున్న ఓడలోంచి తన ఫొటోల గాజు ఫలకాలు బయటికి తీశాడు. మోయడానికి వీల్లేదు. షాకిల్టన్, అతనూ మంచు మీద కూర్చుని సుమారు 120 ఎంచుకుని, మిగతా 400 దాకా అక్కడికక్కడే పగలగొట్టారు, మళ్లీ మనసు మారి వెనక్కి రాకుండా. జనవరిలో పిల్లలు తమ డైరీ నుంచి ఒక పేజీ వ్యాసం తయారు చేసేటప్పుడు ఇది చదివించండి. రెండు వందల వాక్యాల్లోంచి ఇరవై ఐదు ఎంచుకోవాలి. ఏది ఎందుకు తీసేశారో జంటలో పక్కవారికి ఇంగ్లీషులో చెప్పాలి. ఏడాది మొత్తంలో మాట్లాడే ఇంగ్లీషుకు ఇంతకంటే నిజమైన అవసరం మరొకటి రాదు.

ఓర్పు కథలతో ఒక ప్రమాదం ఉంది. నొప్పిని భరించడమే గొప్ప అన్న భావం పిల్లల్లో నాటుకుంటుంది. టెర్రీ ఫాక్స్ కథ దాదాపు ప్రతిచోటా అలాగే చెబుతారు. ఎముక క్యాన్సర్‌తో 1977లో కుడికాలు మోకాలిపైకి తీసేశాక, 1980 ఏప్రిల్ 12న కెనడా తూర్పు తీరం నుంచి పరుగు మొదలుపెట్టి, రోజుకు దాదాపు మారథాన్ దూరం చొప్పున 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడు. సెప్టెంబరు 1న థండర్ బే దగ్గర ఆగాడు, జబ్బు ఊపిరితిత్తులకు పాకింది. తర్వాతి జూన్‌లో చనిపోయాడు. అతని గొప్పదనాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అతను ఆగాడు అనేది కూడా కథలో భాగమే, బయల్దేరే ముందు ఏడాదికి పైగా సాధన చేశాడు అనేది ఇంకా పెద్ద భాగం. ఆ రెండూ వదిలేసి నొప్పి ఒక్కటే మిగిల్చితే పదిహేనేళ్ల పిల్లలకు మనం తప్పుడు సంగతి నేర్పుతున్నాం.

అందుకని వెనుదిరిగినవాళ్ల కథలు తప్పకుండా ఉండాలి. ఇదే షాకిల్టన్ మరో ముగ్గురితో కలిసి వెళ్లి 1909 జనవరి 9న దక్షిణ ధ్రువానికి 97 సముద్ర మైళ్ల దూరంలో వెనక్కి తిరిగాడు. అప్పటిదాకా అంత దక్షిణానికి ఎవరూ వెళ్లలేదు. ముందుకు పోతే ధ్రువం దొరికేదేమో, తిండి లెక్క చూస్తే తిరిగి రావడం సాధ్యం కాదు. నలుగురూ బతికి వచ్చారు. మన ఆరతీ సాహా 1959 ఆగస్టు 27న ఇంగ్లిష్ ఛానెల్ ఈదడానికి దిగింది. తోడు రావలసిన పడవ నలభై నిమిషాలు ఆలస్యమైంది. ఛానెల్‌లో సన్నని చోట దూరం 33 కిలోమీటర్లే అయినా ఆటుపోట్ల ప్రవాహం పక్కకు లాగేస్తూ ఉంటుంది, కాబట్టి నీళ్లలోకి దిగే వేళ తప్పితే దూరం పెరుగుతుంది. ఒడ్డుకు ఐదు మైళ్ల దూరంలో ఎదురు ప్రవాహం తగిలి విరమించుకోవలసి వచ్చింది. నెల తర్వాత, సెప్టెంబరు 29న, మళ్లీ దిగి 16 గంటల 20 నిమిషాల్లో దాటి, ఆ ఘనత సాధించిన మొదటి ఆసియా మహిళ అయింది. రెండోసారి ఆమె పట్టుదల మొదటిసారి కంటే ఎక్కువని అనుకోవడానికి ఆధారమేమీ లేదు.

తరగతిలో దీని అర్థం సూటిగా ఉంటుంది. ఎంచుకున్న పుస్తకం మూడో పేజీకే మింగుడు పడకపోతే పిల్లవాడు దాన్ని పక్కన పెట్టే హక్కు ఉండాలి. పుస్తకాల పట్టికలో వదిలేసినవాటికి కూడా ఒక గడి పెట్టి, ఎందుకు వదిలేశాడో ఒక ఇంగ్లీషు వాక్యం రాయించండి. స్లిప్ టెస్టులో తక్కువొస్తే మళ్లీ రాయించే ముందు కారణం వెతకాలి: చదివే వేగం చాలలేదా, ప్రశ్న అర్థం కాలేదా, జవాబు తెలిసీ వాక్యం కుదరలేదా. మూడింటికీ మందులు వేరు. మొదటిదానికి తేలిక చదువు, రెండోదానికి ప్రశ్నను తెలుగులో చెప్పించడం, మూడోదానికి జవాబు వాక్యం మొదటి సగం ఇచ్చి రెండో సగం పూరించమనడం.

సిలబస్ ఎప్పుడు పూర్తవుతుందని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. పైన చెప్పిన పనికి నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో ఇరవై నిమిషాలు పోతాయి, ఇరవై ఐదు వాచకానికి మిగులుతాయి. వాచకంలో ప్రతి వాక్యాన్నీ తెలుగులోకి మార్చి చెప్పడం ఆపేస్తే ఆ సమయం సరిపోతుంది. ఆ అనువాదానికే ఇప్పుడు సగం పీరియడ్ పోతోంది, పైగా టీచరు తెలుగులో చెబుతారని తెలిశాక ఇంగ్లీషు వాక్యం కేసి చూడవలసిన అవసరమే ఎవరికీ ఉండదు. కష్టమైన వాక్యాలు పేరాకు రెండో మూడో ఉంటాయి, వాటి అర్థం తెలుగులో చెప్పడంలో తప్పులేదు. ఫార్మేటివ్ మార్కుల్లో పుస్తక స్పందన, ప్రాజెక్టు, రాతపని అని విడిగా భాగాలు ఉన్న చోట డైరీ, జీవితచిత్రణ నేరుగా వాటి కిందకి వస్తాయి. ఇంటర్నెట్ నుంచి ప్రింటు తీసి అట్ట వేసే ప్రాజెక్టు కంటే దీనికి ఖర్చూ తక్కువే.

ఫిబ్రవరి, మార్చి నెలలు పరీక్షలకే పోతాయి. అప్పుడు కూడా పీరియడ్ మొదటి పది నిమిషాల చదువు తీసేయవద్దు. పోటీకి ముందు సాధన తగ్గిస్తారు గానీ మానరు. మార్చి చివర్లో జూన్‌లో వాడిన పేరాతోనే మళ్లీ ఒక నిమిషం కొలత తీయండి, పక్కన కొత్త పేరాతో ఇంకోటి. పాతది కొంతమందికి గుర్తుండి ఉంటుంది, కాబట్టి నమ్మవలసింది కొత్త పేరా అంకెనే. రెండూ విద్యార్థి చేతికే ఇవ్వండి, ర్యాంకుల పట్టిక వద్దు. నిమిషానికి నలభై నుంచి డెబ్బై ఐదుకు వచ్చిన పిల్లవాడికి పరీక్షలో ముప్పై ఎనిమిది మార్కులే రావచ్చు. అతను ఏడాదిలో ఎంత దూరం వచ్చాడో ఆ మార్కుల్లో కనపడదు, ఈ కాగితం మీద కనపడుతుంది.

ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా ఏడు వారాలు. ఏమీ చదవకపోతే వేగం జారుతుంది, బాగా వెనకబడి మొదలైనవాళ్లకే ఎక్కువ జారుతుంది. సెలవులకు ముందు రోజు ఒక్కొక్కరికి వాళ్ల మెట్టుకు తగిన రెండు పుస్తకాలు, అట్టముక్కల డబ్బా చేతిలో పెట్టి పంపాలి. రోజుకు పదిహేను నిమిషాలు, వారానికి ఐదు రోజులు. వేసవిలో కూలికి, మామిడితోటలకు, పెళ్లిపనులకు పోయే పిల్లలకు ఇంతకంటే ఎక్కువ చెప్పడం అన్యాయం. పొద్దున్నే పనికి వెళ్లే ముందు చదివితే జరుగుతుంది, రాత్రి చదవాలనుకుంటే నిద్ర ముంచుకొస్తుంది. బడి తెరిచాక మొదటి వారంలో కొలత మళ్లీ తీస్తారని కూడా వాళ్లకు ముందే చెప్పి పంపండి.